పడవ పెట్టెకు కొత్త తలుపు: కొలత, చెక్క, బందు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం వ్రాయమని కబురు వచ్చినప్పుడు ఏం వ్రాయాలో నాకు తోచలేదు. మన పాత విద్యార్థులలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, ఒకరిద్దరు పోలీసు శాఖలో ఉన్నారు. పోటీ పరీక్షల గురించి వాళ్ళు వ్రాస్తారు. నేను బందరు గిలకలదిండి రేవులో పడవలకు తలుపులు చేసే వడ్రంగిని. నాకు తెలిసిన పని గురించే వ్రాద్దామని కూర్చున్నాను. ఇందులో పదో తరగతి లెక్కలూ, సైన్సూ ఉన్నాయి కాబట్టి మీ చదువుకు అడ్డం రాదు.

వడ్రంగం మా ఇంటి వృత్తి కాదు. అమ్మా నాన్నా పొలం కూలీలు. మా ఇంట్లో నాకు ముందు ఉలి పట్టినవాళ్ళు లేరు. పది అయ్యాక ఐ.టి.ఐ.లో కార్పెంటర్ ట్రేడు చేసి, గుడివాడ నుంచి పెడన మీదుగా బందరు వెళ్ళే రైలెక్కి, ఒక మేస్త్రీ దగ్గర చేరాను. ఆరు నెలలు చిత్రిక పట్టించడం తప్ప ఆయన నాచేత ఇంకేమీ చేయించలేదు. అప్పట్లో కోపం వచ్చేది. చెక్క గుణం చేతికి తెలిసింది మాత్రం ఆ ఆరు నెలల్లోనే.

పడవకు తలుపులేమిటి అని మీకు అనుమానం రావచ్చు. మరపడవ ఎక్కి చూస్తే ఎన్ని ఉంటాయో! ఐసు వేసి చేపలు నింపే గదికి పైన మూత. కేబిన్‌లో లైఫ్ జాకెట్లకు, మందులకు, పడవ కాగితాలకు చిన్న చిన్న అలమరలు. కూర్చునే బల్లల కింద తాళ్ళ పెట్టెలు. బ్యాటరీకి ఒకటి, వంట గ్యాసు బండకు ఒకటి. దివిసీమలో ఎదురుమొండి వైపు జనాన్ని దాటించే పడవల్లో కూడా బల్ల కింద ఇలాంటి పెట్టెలే. పడవ ఒళ్ళు గట్టిగా ఉండగానే ఈ తలుపులు ముందు పోతాయి. రాత్రీ పగలూ తీస్తారు, వేస్తారు, మీద కూర్చుంటారు, ఉప్పునీళ్ళు పోస్తారు, ఎండకు వదిలేస్తారు.

పోయిన తలుపుకు బదులు బజారులో కొందామంటే దొరకదు. ఇంటి తలుపులకైతే ఫలానా సైజులని ఉంటాయి. చెక్క పడవను మన వైపు మేస్త్రీలు చాలావరకు కంటి అంచనాతో, చేతి వాటంతో కట్టారు. ఒకే పడవలో ఎడమ పక్క అలమరకూ కుడి పక్క అలమరకూ రెండు మూడు నూళ్ళు తేడా ఉంటుంది. (అంగుళంలో ఎనిమిదో వంతును మా పనివాళ్ళు నూలు అంటారు. అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు.) 2004 డిసెంబరు 26 సునామీ తరువాత మన తీరంలో ఫైబరు పడవలు బాగా పెరిగాయి. అవి అచ్చులో పోసినవి కాబట్టి నోళ్ళన్నీ ఒకేలా ఉండాలి. కానీ మూత పగిలాక అచ్చు ఎక్కడుందో ఎవరు వెతుకుతారు? వాటికీ చెక్కతో మేమే చేస్తాం. ఏ నోటికి ఆ తలుపు విడిగా కొలిచి చేయాల్సిందే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పడవలన్నీ రేవులోనే ఉంటాయి కాబట్టి మరమ్మతులన్నీ ఆ రోజుల్లోనే. మాకు అన్నం పెట్టే కాలం అదే, మమ్మల్ని మోసం చేసే కాలం కూడా అదే. ఎందుకో నా మొదటి తలుపు కథతో చెబుతాను.

నేను సొంతంగా పని ఒప్పుకున్న మొదటి ఏడు, మే నెలలో ఒక సరంగు తన కేబిన్‌లో లైఫ్ జాకెట్ల అలమరకు తలుపు చేయమన్నాడు. నోరు 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు. మంచి టేకు పలకలు జిగురుతో పక్కపక్కన అతికించి ఒకే బల్లగా చేశాను. ఆ పక్క అర నూలు, ఈ పక్క అర నూలు మాత్రమే సందు వదిలాను. వేస్తే పుస్తకం మూసినట్టు మూసుకుంది. సరంగు మెచ్చుకుని టీ తాగించాడు. నేను నాలుగు రోజులు ఆ తలుపు గురించి అందరికీ చెప్పుకున్నాను.

నవంబరులో ఆయన నా షెడ్డుకు వచ్చాడు. చేతిలో ఆ తలుపు ముక్కలు రెండు. వేటలో ఉండగా ముసురు పట్టి గాలి మళ్ళిందట. జాకెట్లు తీద్దామంటే తలుపు రాలేదు. పిడి ఊడి చేతికొచ్చింది. చీకట్లో ఇద్దరు కళాసీలు ఇనప గడ్డపారతో పగలగొట్టి తీశారు. అందరూ క్షేమంగా ఒడ్డుకు చేరారు. ఆయన తిట్టలేదు. ముక్కలు నా ముందు పెట్టి ఇంత మాత్రం అన్నాడు:

"అబ్బాయ్, నువ్వు చేసింది రేవులో తలుపు. నాకు కావలసింది నీళ్ళ మీద తలుపు."

నేను "తప్పయింది బాబాయ్" అన్నాను. ఇంకేమంటాను? 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో సొంతవాళ్ళను పోగొట్టుకున్న మనిషి ఆయన. నవంబరు గాలి అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పాలా? డబ్బు తీసుకోకుండా కొత్త తలుపు చేసిచ్చాను. ఆ పాత ముక్కలు ఇప్పటికీ నా షెడ్డులో గోడకు కొట్టి ఉన్నాయి.

నా తప్పు ఎక్కడుంది? లెక్క వేద్దాం.

చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు వదిలి ముడుచుకుంటుంది. కానీ అన్ని వైపులా ఒకేలా కాదు. నార వెంట, అంటే పొడుగున, మార్పు లెక్కలోకి రానంత తక్కువ. నారకు అడ్డంగా, అంటే వెడల్పున, చాలా ఎక్కువ. టేకు ఈ విషయంలో బుద్ధిమంతురాలు. అయినా సాధారణంగా కోసిన టేకు పలకలో తేమ ఒక శాతం పెరిగితే వెడల్పు సుమారు 0.2 శాతం పెరుగుతుంది. మే ఎండలో పలక తేమ 10 శాతం ఉందనుకోండి, నవంబరు ముసురులో 16 శాతానికి చేరిందనుకోండి. తేడా 6. ఆరును 0.2తో గుణిస్తే 1.2 శాతం. 18 అంగుళాలలో 1.2 శాతం 0.216 అంగుళం. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 1.7 నూళ్ళు. నేను వదిలిన సందు రెండు పక్కలా కలిపి ఒక్క నూలు! తలుపు నోట్లో మేకులా బిగుసుకోక ఏమవుతుంది? మే నెలలో అందంగా కూర్చున్న తలుపే నవంబరులో మనిషికి అడ్డం పడింది.

సందు పెంచితే సరిపోతుంది కదా అంటారు. పెంచాలి, కానీ దానికంటే మంచి ఉపాయం మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు. పాత ఇళ్ళలో పలకల తలుపులు చూడండి. చుట్టూ చట్రం, మధ్యలో పలక. చట్రం నిలువు పట్టెలు రెండంగుళాల చొప్పున నాలుగంగుళాల వెడల్పే. అడ్డ పట్టెలు పొడుగు నారన ఉంటాయి కాబట్టి మారవు. నాలుగంగుళాలలో 1.2 శాతం 0.048 అంగుళం, అర నూలు కూడా కాదు. మధ్య పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా దూర్చాలి. అది ఎంత ఉబ్బినా గాడి లోపలే ఉబ్బుతుంది, బయటికి తెలియదు. పలక కదలకూడదని గాడిలో జిగురు పూస్తారు కొత్తవాళ్ళు. అప్పుడు పలక పగులుతుంది, లేదా చట్రం మూల విచ్చుకుంటుంది. సరంగుకు నేను రెండోసారి చేసిచ్చింది ఈ చట్రం తలుపే. ఒక్కో పక్క నూలు సందు ఇచ్చాను.

ప్లైవుడ్ వాడవచ్చా? వాడవచ్చు. పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఉబ్బడం చాలా తక్కువ. కానీ దాని మీద ఐ.ఎస్. 710 అన్న ముద్ర ఉండాలి. మెరైన్ ప్లైవుడ్‌కు భారత ప్రమాణం అది. 72 గంటలు నీళ్ళలో మరిగించినా పొరలు విడిపోకూడదన్నది అందులోని పరీక్ష. ‘వాటర్‌ప్రూఫ్’ అని షాపువాడు నోటితో చెప్పేది ముద్ర కాదు. ముద్ర ఉన్నా, కోసిన అంచులకు రంగో ఎపాక్సీయో మూడు పూతలు పట్టించకపోతే నీరు పక్కనుంచి దూరుతుంది. స్క్రూ రంధ్రాలకు కూడా ఇదే మాట. రంధ్రం చేశాక లోపల రంగు పూసి, ఆరాక స్క్రూ బిగించాలి. తొందరలో అందరం ఎగ్గొట్టేది ఈ పనే.

ఇప్పుడు కొలత సంగతి. వరుస ప్రకారం ఇది ముందు చెప్పవలసింది, కానీ చెక్క ఎందుకు మారుతుందో తెలిస్తేనే కొలత విలువ తెలుస్తుంది.

పాత తలుపును కొలిచి కొత్తది చేయకూడదు. పాత తలుపు బిగిసినప్పుడల్లా ఎవరో ఒకరు చిత్రిక పట్టి ఉంటారు. అది నోటి కొలత కాదు, ఆ తలుపు పడిన బాధల కొలత. నోటినే కొలవాలి. వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల. ఎత్తు కూడా మూడు చోట్ల. అన్నీ సమానంగా వచ్చాయని సంతోషించకండి, మూలమూలలు కొలవాలి. 18, 24 అంగుళాల నోరు నిజంగా చదరంగా ఉంటే మూల నుంచి మూలకు ఎంత రావాలి? పైథాగరస్ సిద్ధాంతం ఇదే. 18 వర్గం 324, 24 వర్గం 576, మొత్తం 900, వర్గమూలం 30. రెండు కర్ణాలూ 30 అంగుళాలు రావాలి. ఒకసారి నాకు ఒకటి 30.5, రెండోది 29.5 వచ్చాయి. వెడల్పులన్నీ 18, ఎత్తులన్నీ 24 సరిగ్గానే ఉన్నాయి. అంటే నోరు దీర్ఘచతురస్రం కాదు, పక్కకు ఒరిగిన సమాంతర చతుర్భుజం. ఎంత ఒరిగింది? కర్ణాల వర్గాల తేడా 60. దాన్ని వెడల్పుకు నాలుగు రెట్లతో, అంటే 72తో భాగిస్తే 0.83 అంగుళం. దాదాపు ఏడు నూళ్ళు! ఈ సూత్రం ఎలా వచ్చిందో మీ లెక్కల మాస్టారు గారిని అడగండి, నాలుగు వరుసల్లో వస్తుంది. మూలమట్టం పెట్టి నీటుగా చేసిన తలుపు ఆ నోట్లో దూరనే దూరదు. ఆ ఒరుగుకు తగ్గట్టు తలుపే ఒరగాలి.

రసమట్టం, గుండుసూత్రం పడవలో పనికిరావు. ఇల్లు భూమికి నిటారుగా ఉంటుంది. రేవులో లాగిపెట్టిన పడవ ఒక పక్కకు వాలి ఉంటుంది. నీళ్ళలో ఉంటే ఊగుతుంది. కాబట్టి భూమిని అడగవద్దు, నోటినే అడగాలి.

పడవ పక్క వంపులో కలిసే పెట్టెలకైతే అంగుళాల కొలతే సరిపోదు. దానికి మా మేస్త్రీ నేర్పిన చిట్కా ఉంది. నోటికంటే చిన్నదైన అట్టముక్కను నోటి మధ్యలో కదలకుండా నిలబెట్టాలి. జానెడు పుల్ల ఒకటి తీసుకుని ఒక చివర మొన చెక్కి, మధ్యలో ఒక గంటు కోయాలి. మొనను వంపు అంచుకు ఆనించి, పుల్ల పక్కనే అట్ట మీద గీత గీసి, గంటు ఎక్కడికి వచ్చిందో గుర్తు పెట్టి, నంబరు వేయాలి. ఇలా పది పన్నెండు చోట్ల. తరువాత అట్టను చెక్క మీద పరచి, పుల్లను మళ్ళీ అవే గీతల మీద, అదే గంటు గుర్తుకు సరిపెడితే మొన ఎక్కడ ఆగుతుందో అక్కడ చుక్క. చుక్కలన్నీ కలిపితే వంపు చెక్క మీదికి వచ్చేసినట్టే. అట్ట మీద ‘పై’, ‘బయటి వైపు’, ‘బందు వైపు’ అని వ్రాయడం మరిచిపోకండి. నేనొకసారి మరిచి ఎడమ పక్కది కుడి పక్కకు చేశాను. ఆ చెక్క మా ఇంట్లో పీట అయింది.

చేపల గది పైన పడుకుని ఉండే మూత సంగతి వేరు. దానికి అలమర తలుపులా నోటిలోకి దిగే పద్ధతి పనికిరాదు. సీసా బిరడాకూ, మన హాస్టల్‌లో బియ్యం డ్రమ్ము మూతకూ తేడా ఆలోచించండి. బిరడా లోపలికి దిగుతుంది, ఉబ్బితే బిగుస్తుంది, సందులో నీరు నిలుస్తుంది. మూత బయటినుంచి కప్పుతుంది, నీరు అంచు మీదుగా కిందికి జారిపోతుంది. డెక్ మీద నోటి చుట్టూ చెక్క గట్టు లేపి, దాని మీద టోపీలా మూత కప్పాలి. బందులు పడవ ముందు వైపు ఉండాలి. ఎదురుగా వచ్చే అల మూతను ఇంకా గట్టిగా మూస్తుందే గాని ఎత్తదు. వెనక వైపు బందులు వేస్తే అదే అల మూతను లేపి గదిలో నీరు పోస్తుంది. ఇంజను గదిలోకో చేపల గదిలోకో నీరు చేరిన పడవ ఎంతసేపు తేలుతుందో మీకు చెప్పనక్కర లేదు.

బందుల గురించి సైన్సు పాఠం ఒకటి. ఇత్తడి బందుకు ఇనప స్క్రూ వేస్తే ఏమవుతుంది? లోహాల చర్యాశీలత శ్రేణి గుర్తు తెచ్చుకోండి. ఇనుము రాగికంటే పైన ఉంటుంది. రెండూ ఉప్పునీటిలో తడిసి తాకితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఎక్కువ చర్యాశీలత గల ఇనుము కరిగిపోతుంది. బందు నిగనిగలాడుతూ ఉంటుంది, స్క్రూ తల ఊడి చేతిలోకి వస్తుంది. అందుకని ఇత్తడికి ఇత్తడి, స్టీలుకు స్టీలు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం కంటే 316 రకం సముద్రానికి మంచిది, అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకు గుంటలు పడడం తక్కువ. చాలామంది అయస్కాంతం పెట్టి పరీక్ష చేస్తామంటారు. అయస్కాంతం మామూలు ఇనుమును పట్టిస్తుంది గాని 304నూ 316నూ విడదీయలేదు. ఇత్తడి మీద అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే అందులో తుత్తునాగం పోతోందని అర్థం, ఆ బందు మార్చేయాలి.

మన ఊరి పేరుతో మసూలా పడవ అని పాత పుస్తకాలలో కనిపిస్తుంది. కోరమండల్ తీరంలో అలల మీదుగా సరుకు దించడానికి వాడిన పడవ. పలకలను మేకులతో కాక కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. ఇనుము లేదు కాబట్టి తుప్పు బాధ లేదు, అల కొడితే పగలకుండా వంగేది. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరంటారు. ఇది చదివాక నేను పెట్టెల మూతలకు బందుల బదులు నైలాన్ తాడు ముడి వేసి చూశాను. చిన్న పెట్టెలకు భేషుగ్గా పనిచేస్తోంది.

గాలి రంధ్రాలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ముఖ్యమైన మాట. అందంగా ఉంటాయని అన్ని తలుపులకూ పైన పెట్టేస్తారు. గ్యాసు బండ పెట్టెనూ బ్యాటరీ పెట్టెనూ వేరుగా ఆలోచించాలి. గాలి సగటు అణుభారం సుమారు 29. వంట గ్యాసులో ఉండే ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. అంటే లీకైన గ్యాసు కిందికి దిగి అడుగున చేరుతుంది. కాబట్టి ఆ పెట్టెకు రంధ్రం అడుగున ఉండాలి, అదీ పడవ లోపలికి కాదు, బయటికి. బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు వచ్చే హైడ్రోజన్ అణుభారం 2. అది పైకి పోతుంది, దానికి రంధ్రం పైన ఉండాలి. తారుమారు చేస్తే రెండు పెట్టెలూ అగ్గిపెట్టెలే.

గడియ విషయంలో ఇంటి అలమరలకు వాడే అయస్కాంతం క్యాచీలు వద్దు. పడవ ఒక్కసారి వొరిగితే లోపలి సామాను తలుపును తన్నుకుని బయటికి వస్తుంది. మధ్యలో ఒక స్క్రూ మీద తిరిగే చెక్క గడియ చాలు. కానీ లైఫ్ జాకెట్ల అలమరకు మాత్రం తాళం కప్ప వద్దని నేను పట్టుబడతాను. సామాను పోతుందని యజమానులు ఒప్పుకోరు. నేను తాళం కొండీ బిగించను. కావాలంటే వేరే వాళ్ళ దగ్గర బిగించుకోమంటాను. ఒకటి రెండు బేరాలు పోయాయి కూడా.

తలుపు అయ్యాక నేను చేసే పరీక్ష ఇది. బకెట్టు నీళ్ళు మీద గుమ్మరించి, లోపల పరిచిన కాగితం తడిసిందో లేదో చూస్తాను. తరువాత తడిగోనె కప్పి రెండు రోజులు వదిలేస్తాను. చెక్కకు నవంబరు నెల చూపించడమన్న మాట. మూడో రోజు కళ్ళు మూసుకుని, తడిచేత్తో, ఒక్క చేత్తో తీస్తాను. రాకపోతే మళ్ళీ చిత్రిక.

మన హాస్టల్ స్టోరు గది బీరువా తలుపు వానాకాలంలో బిగుసుకుపోయి, వంటమ్మ గారు దాన్ని తన్ని తీసే చప్పుడుతోనే మాకు తెల్లవారేది. అది ఇప్పటికీ ఉందో, మార్చారో! ఉంటే తమ్ముళ్ళు ఒక పని చేయండి. దాని నోరు వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, కర్ణాలు రెండూ కొలిచి, తేదీ వేసి ఒక కాగితం మీద వ్రాసి వార్డెన్ గారికి ఇవ్వండి. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి తలుపు వెడల్పు కూడా కొలవండి. వచ్చే వార్షికోత్సవానికి నేను చిత్రికా, రంపం, రెండు టేకు పట్టెలూ తెచ్చుకుని ఒక రోజు ముందే వస్తాను.